ట్యాంకును తిరగేసి చూసి కొనాలి

పాత బుల్లెట్‌ని కేఫ్ రేసర్ (ముందుకు వంగి కూర్చుని నడిపే, పాతకాలపు రేసు తరహా బండి) చేసుకోవాలని సరదా పుట్టినవాళ్లు చాలామంది ముందుగా కొనేది పెట్రోల్ ట్యాంకే. బండి రూపమంతా అక్కడే ఉంటుంది మరి. నేనూ అదే చేశాను. నాది 1980ల నాటి కాస్ట్ ఐరన్ ఇంజిన్ 350. దాని మీదున్న ట్యాంకు 14 లీటర్ల దాకా పట్టే గుండ్రటి బానలాంటిది. దాని బదులు పొడవుగా, సన్నగా, మోకాళ్ల దగ్గర లోపలికి నొక్కుకున్న ట్యాంకు కావాలనిపించింది. ఆన్‌లైన్‌లో దొరికింది. ఫొటో కింద 'బుల్లెట్‌కి సరిపోతుంది' అని కూడా రాసి ఉంది. వచ్చిన రోజే పెయింటర్‌కి ఇచ్చేశాను. ముదురు ఆకుపచ్చ, మీద బంగారు గీతలు. పది రోజుల తర్వాత తెచ్చి ఫ్రేమ్ మీద పెడితే, ముందు వైపు రెండు వేళ్ల ఎత్తు లేచి, పిల్లాడి తల మీద తాతగారి టోపీలా కూర్చుంది.

ఆ తర్వాత దాన్ని బండి మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను చూసిందంతా ట్యాంకు అడుగు భాగమే. అమ్మేవాళ్లు పెట్టే ఫొటోల్లో ఆ భాగం ఎప్పుడూ కనిపించదు.

ట్యాంకును వెల్లకిలా పడుకోబెడితే మధ్యలో పొడవునా ఒక గాడి ఉంటుంది. ఫ్రేమ్‌లో పైన ఉండే పైపు ఇందులో దూరుతుంది. జీను గుర్రానికి రెండు పక్కలా దిగినట్టు ట్యాంకు ఆ పైపుకి రెండు పక్కలా దిగుతుంది. గాడి వెడల్పు పైపు వెడల్పు కన్నా ఎక్కువుంటే చాలనుకున్నాను. కానీ గాడిలో ఒక్క పైపే ఉండదు కదా. వైరింగ్ కట్ట పోతుంది, కొన్ని బళ్లలో ఇగ్నిషన్ కాయిల్ కూడా అక్కడే దాక్కుంటుంది, క్లచ్ కేబుల్ పక్కనుంచి వంపు తిరుగుతుంది. హ్యాండిల్ తల దగ్గర పైపులు కలిసేచోట వెల్డింగ్ లావు వేరే. నా ట్యాంకు ముందు భాగం ఎత్తిపట్టింది ఈ లావే. గాడి మధ్యలో సరిపోయింది, మూతి దగ్గర సరిపోలేదు.

దీన్ని స్కేలుతో కొలవడం కష్టం. లోపల ఏం తగులుతోందో కంటికి కనిపించదు. నేను చివరికి చపాతీ పిండితో కొలిచాను. పైపు పొడవునా నాలుగైదు చోట్ల పిండి ముద్దలు పెట్టి, మీద పల్చటి ప్లాస్టిక్ కవరు కప్పి, ట్యాంకును మెల్లగా కూర్చోబెట్టి తీస్తే, ఎక్కడ ఎంత సందు ఉందో ముద్దలే చెబుతాయి. ఎక్కడైనా ముద్ద కాగితంలా పల్చబడిందంటే అక్కడ ఇనుముకి ఇనుము తగులుతుందన్నమాట. చిటికెన వేలు దూరేంత సందైనా అంతటా ఉండాలి. ఇంట్లో ఈ పని చేస్తే ఏమంటారో ముందే ఆలోచించుకోండి.

అదే సమయంలో హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడాలి. కేఫ్ రేసర్‌కి పొట్టి హ్యాండిళ్లు వేస్తారు. అవి ఫోర్కు గొట్టాలకే కిందగా బిగుస్తాయి. పూర్తిగా తిప్పినప్పుడు పిడి వచ్చి ట్యాంకు భుజానికి తగిలితే సొట్ట పడుతుంది. అది చిన్న నష్టమే. యూటర్న్ తీసుకుంటున్నప్పుడు బొటనవేలు పిడికీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుంటే మాత్రం బండి ఉన్నచోటే పడిపోతుంది. తిరుగుడు తగ్గించడానికి స్టాపర్‌కి ముక్క అతికిస్తే తగలడం ఆగుతుంది కానీ, ఇరుకు సందులో బండి తిప్పుకోవడానికి రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ నెట్టాల్సి వస్తుంది.

ఇక బిగింపు. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

పాత 350 ఇంజిన్ సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. ఒకే ఒక్క పెద్ద పిస్టన్ అంత దూరం పైకీ కిందికీ ఊగుతుంటుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే గంటలో లక్షా ఎనభై వేల కుదుపులు ఫ్రేమ్‌కి అందుతాయి. ఆ ఫ్రేమ్ మీద ట్యాంకు, అందులో పెట్రోల్. లీటరు పెట్రోల్ బరువు దాదాపు ముప్పావు కిలో. 12 లీటర్లు పోస్తే 9 కిలోలు, ట్యాంకు ఇనుము వేరే. గుంతలో పడ్డప్పుడు ఆ బరువు ఒక్క క్షణం రెండు మూడు రెట్లవుతుంది. దాన్ని మోసేది మిల్లీమీటరు మందం కూడా ఉండీ ఉండని రేకు.

అందుకని చాలామంది 'గట్టిగా' బిగిద్దాం అనుకుంటారు. నాలుగు మూలలా నాలుగు పట్టీలు వెల్డింగ్ చేసి, నాలుగు బోల్టులు వేసి బిర్రుగా తిప్పేస్తారు. ఫ్రేమ్ కదలదని మనం అనుకుంటాం కానీ, బండి మలుపులో వాలినప్పుడూ గుంతలో పడ్డప్పుడూ అది కొంచెం మెలి తిరుగుతుంది. నాలుగు మూలలా కట్టేసిన ట్యాంకుకి ఆ మెలికతో పాటు తిరగక తప్పదు. రేకు ఎక్కడో ఒకచోట లొంగాలి. వెల్డింగ్ అంచున లొంగుతుంది. వెంట్రుకంత పగులు వస్తుంది, మొదట పెట్రోల్ వాసన, తర్వాత చెమర్చినట్టు తడి. ఆ తడి చేరేది కింద మరుగుతున్న ఇంజిన్ మీదికే.

ముక్కాలిపీట ఎలాంటి నేల మీదైనా ఊగకుండా నిలుస్తుంది. నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలి కింద అట్టముక్క పెట్టాల్సిందే. ట్యాంకుకి కూడా మూడు చోట్ల ఆనితే చాలు. ముందు రెండు పక్కలా రెండు రబ్బరు దిమ్మలు, వెనక ఒక బోల్టు. ముందు దిమ్మలకి బోల్టు ఉండకపోయినా పర్వాలేదు, ట్యాంకు అడుగున ఉన్న కప్పులు వాటి మీదికి జారి కూర్చుంటే సరి. వెనక బోల్టు కూడా రబ్బరు బుష్షులోంచి పోవాలి, బుష్షు మధ్యలో ఒక ఇనుప గొట్టం ముక్క ఉండాలి. బోల్టు బిగిస్తే ఆ బిగుతు గొట్టం మీద పడాలి, రబ్బరు నలిగిపోకూడదు. ఈ గొట్టం ముక్క లేత్ షాపులో తక్కువ ఖర్చుతో పది నిమిషాల్లో చేసిస్తారు. అయినా నేను చూసిన సొంత పనుల్లో సగానికి సగం అది లేనివే.

రబ్బరు అనగానే సైకిల్ ట్యూబు ముక్కలు గుర్తొస్తాయి. మనకు అదో జాతీయ విడిభాగం. కానీ ట్యూబు రబ్బరుకి పెట్రోల్ పడదు. తగిలితే ఉబ్బి, మెత్తబడి, జారిపోతుంది. పెట్రోల్‌కి తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. ఆయిల్ సీళ్లు అమ్మే దుకాణంలో ఆ పేరు చెప్పి అడగాలి.

కొత్తగా పట్టీ అతకాల్సి వస్తే దాన్ని నేరుగా రేకుకి అతకకూడదు. ముందు అరచేయంత వెడల్పున్న మందపాటి రేకు ముక్క, మూలలు గుండ్రంగా కోసి, ట్యాంకుకి అతికి, దాని మీద పట్టీ పెట్టాలి. అప్పుడు బరువు ఒక గీత మీద కాకుండా అంత మేరకూ పరుచుకుంటుంది.

ఆ అతికే పనికే నేను ట్యాంకు పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాను. అప్పటికి దాన్ని రెండుసార్లు బండి మీద పెట్టి, పెట్రోల్ పోసి, తీసేశాను. రేడియేటర్లు అతికే పెద్దాయన ఒకరు మూత తీసి వాసన చూసి వెనక్కి జరిగారు. "ఖాళీదని తెచ్చారా బాబూ? నిండుగా తెచ్చినా ఇంత భయపడను" అన్నారు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. మండేది పెట్రోల్ ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య ఉన్నప్పుడే నిప్పు తగిలితే పేలుతుంది. నిండా ఉన్న ట్యాంకులో గాలికి చోటు ఉండదు. ఖాళీ ట్యాంకులో అడుగున ఒక చెంచాడు మిగిలినా, అతుకుల సందుల్లో కాస్త ఇంకి ఉన్నా, పేలడానికి కావలసిన పాళ్లు వాటంతటవే కుదురుతాయి. పెట్రోల్ మన చలికాలంలోనే కాదు, మంచుగడ్డ కట్టే చలిలో కూడా మండేంత ఆవిరి ఇస్తుంది. రెండు రోజులు ఎండలో పెట్టాం కదా అనే ధైర్యం పనికిరాదు.

ఆయన సబ్బు పొడి, వేడినీళ్లతో మూడుసార్లు కడిగించారు. తర్వాత ట్యాంకులో నీళ్లు నింపి, అతికే చోటు దగ్గర మాత్రం కాస్త ఖాళీ వచ్చేలా వంచి, మూతి తెరిచి పెట్టి పని చేశారు. కొందరు లోపలికి ఆర్గాన్ గ్యాస్ పంపి గాలిని బయటికి నెట్టేస్తారు. ఏ పద్ధతైనా చేయి తిరిగినవాళ్లే చేయాలి. యూట్యూబ్ చూసి ఇంట్లో మొదలుపెట్టే పని కాదిది. పది రోజులు కూర్చుని వేయించిన ఆకుపచ్చ రంగు, బంగారు గీతలు ఆ మంటకి బుడగలెత్తి నల్లబడ్డాయి. తప్పు నాదే కాబట్టి ఎవరి మీదా కోపం రాలేదు.

అతికాక లీకు చూడాలి. ఇక్కడ కంప్రెసర్ గాలి పెట్టాలని చేయి లాగుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. ట్యాంకు పక్క భాగం 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే 800 చదరపు సెంటీమీటర్లు. లోపల చదరపు సెంటీమీటరుకి ఒక్క కిలో ఒత్తిడి పెట్టినా, అంటే స్కూటర్ టైరులో ఉండేదానికన్నా తక్కువే, ఆ ఒక్క పక్క మీద 800 కిలోలు తోస్తున్నట్టు. ట్యాంకు పూరీలా పొంగుతుంది. సైకిల్ పంపుతో రెండు పీఎస్ఐ మించకుండా పెట్టి, సబ్బు నురగ రాస్తే బుడగలు ఎక్కడొస్తాయో కనబడతాయి. అంతే చాలు.

తర్వాత ట్యాప్. మనవాళ్లు పెట్రోల్ కాక్ అంటారు. పాత బ్రిటిష్ ట్యాంకులకీ, వాటిని చూసి చేసిన చాలా ట్యాంకులకీ ఇంగ్లిష్ పైపు త్రెడ్డే (మర చుట్లే) ఉంటుంది. ఇక్కడ పేరుకీ కొలతకీ పొంతన ఉండదు. పావు అంగుళం పైపు త్రెడ్ అంటే బయట వ్యాసం 6 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటాం. నిజానికి అది 13 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. ఆ పేరు త్రెడ్డుది కాదు, ఒకప్పటి పైపు లోపలి రంధ్రానిది. కాలిపర్‌తో కొలిచి 'ఇది 13, మెట్రిక్' అని వేరే ట్యాప్ తెచ్చి తిప్పితే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పానా పెట్టి ఇంకాస్త తిప్పితే ట్యాంకు త్రెడ్ పోతుంది. చేత్తో చివరిదాకా తిరగని ట్యాప్ ఆ ట్యాంకుది కాదు. యమహా తరహా ట్యాంకులకి త్రెడ్ గొడవ లేదు. రెండు చిన్న బోల్టులతో బిగిసే చదును మూతి ఉంటుంది, బోల్టుల మధ్య దూరం కలిస్తే సరిపోతుంది.

నేరుగా ఉండే పైపు త్రెడ్‌లో లీకు ఆపేది వాషర్. త్రెడ్ కాదు. నీళ్ల పంపులకి చుట్టే తెల్ల టేపు ఇక్కడ చుడితే దాని పీలికలు కొట్టుకుపోయి, ఇంజిన్‌కి పెట్రోల్‌ని గాలితో కలిపి ఇచ్చే కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రంలో (జెట్‌లో) కూర్చుంటాయి.

ట్యాప్ లోపల ట్యాంకులోకి లేచి నిలబడే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. మామూలుగా నడిచేటప్పుడు పెట్రోల్ దాని పైకొన నుంచి దిగుతుంది. మట్టం ఆ కొన కిందికి పోతే బండి ఆగుతుంది, రిజర్వుకి తిప్పుతాం, అప్పుడు గొట్టం అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. అంటే రిజర్వు ఎంత ఉంటుందో తేల్చేది ఆ గొట్టం ఎత్తు, ట్యాంకు అడుగు ఆకారం. అదే ట్యాప్ వెడల్పాటి అడుగున్న పాత ట్యాంకులో రెండు లీటర్లు మిగిల్చితే, సన్నటి కొత్త ట్యాంకులో అర లీటరు కూడా మిగల్చకపోవచ్చు. రిజర్వు పడ్డాక ఇంకా ఎంతో దూరం పోవచ్చన్న మన పాత అలవాటు అప్పుడు నట్టేట ముంచుతుంది. ఒకసారి మెయిన్‌లో ఆగేదాకా ఖాళీ చేసి, రిజర్వుకి తిప్పి వచ్చినదాన్ని లీటరు సీసాలో పట్టి చూస్తే మీ బండి లెక్క మీకు తెలుస్తుంది.

జీను ఆకారం వల్ల ఇంకో చిక్కు ఉంది. మట్టం గాడి కన్నా కిందికి దిగాక, ట్యాప్ లేని పక్క ఉన్న పెట్రోల్ ఇటు రాలేదు. బండిని పక్కకు వంచితే గాడి మీదుగా పొర్లి వస్తుంది. కొన్ని ట్యాంకులకి రెండు పక్కలనూ కలుపుతూ అడుగున చిన్న గొట్టం ఉంటుంది. ట్యాంకు విప్పేటప్పుడు ఆ గొట్టం సంగతి మరిచిపోతే షూ నిండా పెట్రోలే.

ట్యాప్ ముందు వైపు ఉందా వెనక వైపు ఉందా అన్నదీ చూడాలి. ట్యాప్ ముందుంటే, అరకు ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్ వెనక్కి పోయి ట్యాప్ ఎండుతుంది. మామూలు రోడ్డు మీద ఇంకా పాతిక కిలోమీటర్లు పోవాల్సిన బండి మలుపులో ఆగిపోతుంది. అందుకే చాలా ట్యాంకుల్లో ట్యాప్ వెనక ఉంటుంది, అడుగు కూడా వెనక్కి కాస్త వాలి ఉంటుంది. ఫొటోలో అందంగా ఉంటుందని ట్యాంకు వెనక భాగాన్ని పైకెత్తి బిగిస్తే ఆ వాలు పోతుంది.

పాత కార్బ్యురేటర్ బండికి పెట్రోల్ పంపు ఉండదు. పెట్రోల్ తన బరువుతో తానే దిగాలి. కాబట్టి ట్యాప్ మూతి కార్బ్యురేటర్ గిన్నె కన్నా ఎత్తులో ఉండాలి. రబ్బరు గొట్టం ఎక్కడా పైకి లేవకుండా కిందికే పోవాలి. మధ్యలో ఉబ్బెత్తు వంపు ఉంటే అక్కడ గాలి బుడగ చిక్కుకుంటుంది. ఫిల్టర్ అదనంగా పెట్టేటప్పుడు, పంపు ఉన్న కార్లకి చేసింది కాకుండా బైకులకి చేసింది పెట్టాలి.

పెట్రోల్ దిగినంత మేర గాలి లోపలికి రావాలి. దానికి మూతలో చిన్న రంధ్రం ఉంటుంది. కొన్ని షోకు మూతల్లో అది ఉండదు, లేదా పాలిష్ మైనంతో మూసుకుపోయి ఉంటుంది. నా బండి ఐదారు కిలోమీటర్లు హాయిగా పోయి, దగ్గి, ఆగేది. కాసేపు ఆగితే మళ్లీ నడిచేది. నిప్పురవ్వ సరిగా పడట్లేదేమో అనుకుని ప్లగ్ మార్చాను, కండెన్సర్ మార్చాను, పాయింట్లు గీకాను. ఒకరోజు ఆగిపోయిన చోట పెట్రోల్ ఉందో లేదో చూద్దామని మూత తీస్తే 'ఉస్' మంది. వెంటనే కిక్ కొడితే అందుకుంది. వేడెక్కిన కాయిల్ కూడా ఇలాగే ఆటాడిస్తుంది, కానీ దానికి చల్లారే సమయం కావాలి. మూత తీసీ తీయగానే స్టార్ట్ అయితే దోషం మూతదే.

ఇదంతా ఒకేసారి తేల్చే పరీక్ష ఉంది. కార్బ్యురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, బయట గాలిలో, దగ్గర్లో ఎక్కడా నిప్పు లేకుండా. మూత మూసే ఉంచి, ట్యాప్ తెరిచి, నిమిషం పాటు పట్టండి. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో, లీటరుకి 30 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకి రెండుంముప్పావు లీటర్ల లోపే తాగుతుంది. అంటే నిమిషానికి 45 మిల్లీలీటర్లు. సీసాలోకి 200 వచ్చిందంటే నిశ్చింత. 60 దగ్గర ఉంటే ఎక్కడో అడ్డు ఉంది. ముందు ధారగా వచ్చి క్రమంగా చుక్కలైతే మూతలో గాలి రంధ్రం లేదు. ఈ పరీక్ష ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కాదు, రిజర్వు దగ్గరపడ్డప్పుడు చేయాలి. నిండు ట్యాంకులో ఒత్తిడి ఎక్కువ ఉండి లోపాలన్నీ దాక్కుంటాయి.

ట్యాంకు దేనితో చేశారన్నది ఇప్పుడు మునుపటికన్నా ముఖ్యమైంది. 1960ల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో చేసిన 250 సీసీ కాంటినెంటల్ జీటీకి ఫైబర్‌గ్లాస్ ట్యాంకు ఉండేది. మనం మోజుపడే ఆకారాలు చాలావరకు ఆ కాలానివే. అలాంటి ట్యాంకుల్లో వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్‌కి (గట్టిపడే జిగురుకి) ఇథనాల్ పడదు. మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటికీ చేరింది. అది ఆ రెజిన్‌ని మెత్తబరుస్తుంది. బంకలాంటి జిగురు దిగి కార్బ్యురేటర్ సూదిని పట్టేస్తుంది. కాబట్టి రోడ్డు మీద నడిపే బండికి ఫైబర్ ట్యాంకు వద్దనే అంటాను. అల్యూమినియం తుప్పు పట్టదు, తేలిక, కానీ కుదుపులకి త్వరగా పగులుతుంది. ఇనుమే మేలు, ఒక షరతుతో. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టిన బండిలో నీళ్లు అడుగున చేరి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. నిలబెట్టాల్సి వస్తే పూర్తిగా వంపేయాలి, లేదా నింపేయాలి. కొత్త ట్యాంకునైనా వాడే ముందు కడగాలి. నాదాంట్లో ఇనుప రజను గుప్పెడు వచ్చింది.

ట్యాంకు కూర్చోకపోతే ఫ్రేమ్ కోద్దామనే మెకానిక్‌లు ఉంటారు. నేనైతే ఒప్పుకోను. కోస్తే ట్యాంకునే కోయించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు ఇంకో మెలిక పెట్టాయి. 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. కానీ చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అది అసలు రూపంలో ఉండాలి. కస్టమ్, వింటేజ్ అనే రెండు మాటలూ మన ముచ్చట్లలో కలిసే తిరుగుతాయి, రవాణా శాఖ దగ్గర మాత్రం కలవవు. అందుకే నా పాత ట్యాంకు లోపల ఆయిల్ పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. ఎప్పుడు కావాలన్నా మూడు బోల్టులు విప్పితే వెనక్కి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు బండి బూడిద రంగు ప్రైమర్ మీదే తిరుగుతోంది. 300 కిలోమీటర్లు పోయాక ట్యాంకు దింపి చూస్తే గాడి లోపల ఒకచోట రూపాయి బిళ్లంత మెరుస్తోంది. వైరింగ్ కట్ట ఒరుసుకుంటున్న చోటది. దాన్ని పక్కకు కట్టి మళ్లీ ఎక్కించాను. పెయింటర్ ఫోన్ చేసి, "ఈసారి రంగు ఎప్పుడు సార్?" అన్నాడు. ఇంకో 500 కిలోమీటర్లు పోనీ అన్నాను.